పడవకు అడ్డం చెక్క

మా అడ్డం తాత పాడె మీది నుంచి కింద పడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు. తగిలే అవస్థ ముందురోజే దాటిపోయింది.

నలుగురం మోస్తున్నాం. నలుగురం ఒక్కసారే చేతులు వదిలేశాం. వదిలేసి దండం పెట్టాం. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు "వీళ్ళకేమన్నా పిచ్చా?" అన్నారు. మా ఊరివాళ్ళకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. వాళ్ళూ దండాలు పెట్టుకునే నిలబడి ఉన్నారు మరి.

తాతకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఓటు వేసే రోజున దాన్ని ఎవరో గట్టిగా చదివేవారు, తాత కూడా అందరితోపాటు వెనక్కి తిరిగి ఎవరా అని చూసేవాడు. ఊరికి ఆయన అడ్డం తాత. రథం కదులుతున్నప్పుడు చక్రాల కింద అడ్డం చెక్క వేసి ఆపడం వాళ్ళ ఇంటి పని. ఆయన తాత చేశాడు, తండ్రి చేశాడు, ఈయన చేశాడు.

"లాగుడేముంది, పిలగా? ఊరంత లాగుతది. ఆపుడు ఒక్కనికే వస్తది" అనేవాడు నాతో.

"ఆగినంక నీ పనేముంది తాతా?" అంటే, "ఆగింది పోకుంట చూసుడు" అనేవాడు.

రథానికి మా ఊళ్ళో రెండే కేకలు. "గోవిందా!" అంటే అందరూ మోకు పట్టి లాగాలి. "ఆగు సామీ!" అంటే మోకు వదిలేసి దండం పెట్టాలి. దండమెందుకంటే, కింద చెక్క పడ్డాక పైన ఎవడైనా భక్తి ఎక్కువై ఇంకో గుంజు గుంజితే చక్రం చెక్కనెక్కి తాత మీదికి పోతుంది. ఎవరి చేతులూ మోకు మీద లేవని తాతకు తెలియాలంటే అవి జోడించి కనిపించాలి. పెద్దలు భక్తి అని నేర్పారు గానీ అది తాత కాళ్ళు కాపాడే ఏర్పాటు. ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ నడక కంటే ముందు ఇది వస్తుంది.

ఆ రెండు కేకలూ వేసేది తాతే. హారతి పళ్ళెం పట్టుకుని ఏ ఇంటి ముందు ఎవరు నిలబడినా అక్కడ ఆపాలి. రథం గుడి ముందుకు తిరిగొచ్చాక, ఊరందరి ఎదుట పెద్దమనిషి ఒకాయన తాతకు రుమాలు కట్టేవాడు. ఆ రుమాలు నేసేది మా బాపు. మా మగ్గం మీద ఏడాదికొకసారి, ఎర్రంచుతో, తలకు నాలుగు చుట్లు వచ్చేంత.

తర్వాత రథం ఇరుసు విరిగింది. కొత్త ఇరుసుకని అమ్రాబాద్ అడవి నుంచి పెద్ద టేకు దుంగ తెప్పించారు. దాన్ని ఏ వాడ వడ్రంగికి ఇవ్వాలన్న దగ్గర రెండు వాడలకూ పేచీ వచ్చింది. దుంగ గుడి వెనక పడుకుంది, రథాన్ని చెదలు ఊరేగించాయి. రథం లేదు కాబట్టి రుమాలు లేదు.

తాత మాత్రం చెక్క వదల్లేదు. గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని తిరిగేవాడు. కదిలేది ఏది ఆగినా దానికి అడ్డం పెట్టేవాడు. నిలబెట్టిన సైకిలుకు, విప్పిన ఎడ్లబండికి, ఒకసారి మా చెల్లె ఉయ్యాలకు. పొద్దున వచ్చే బస్సు మా ఊళ్ళో ఆగగానే వెనక చక్రం కింద చెక్క దూర్చేవాడు. డ్రైవరు గేరు వేస్తే బస్సు మూలిగేది, కదిలేది కాదు.

"తాతా, తియ్యి! ఆల్సెమైతాంది!" అని డ్రైవరు కిటికీలోంచి మొత్తుకునేవాడు.

"తీస్త తియ్యి. ఊరికె ఆగినదాన్ని నమ్మొద్దు బిడ్డా" అని తాత నిదానంగా వంగేవాడు.

అన్నం తినేటప్పుడు కూడా చెంబు దొర్లకుండా పక్కన గులకరాయి పెట్టుకునేవాడు.

అవి కృష్ణకు అడ్డంగా డ్యాము లేస్తున్న రోజులు. "గంగమ్మకే అడ్డం చెక్క పెడుతున్నరట. నన్నొక్క మాట అడగలే" అని తాత బాధపడ్డాడు. డ్యాము వెనక నీళ్ళు నిలిస్తే నది ఒడ్డు ఊళ్ళు విడిపోతాయి, మనుషుల్నీ గొడ్లనూ దాటించడానికి పెద్ద పడవ కావాలని ఒక కాంట్రాక్టరు బయలుదేరాడు. కోస్తా మనిషి. పదో తరగతి గట్టెక్కిన నేను ఆయన దగ్గర పనికి కుదిరాను. పనంటే, ఆయన కేకలేస్తే పక్కన ఉండడం.

పడవకు కట్టె వెతుక్కుంటూ వచ్చి ఆయన గుడి వెనక దుంగను చూశాడు. ఎవరికీ ఇవ్వలేక బాధపడుతున్న పెద్దలు సంతోషంగా ఆయనకిచ్చేశారు. కట్టె ఇక్కడ ఉంది, వడ్రంగి ఇక్కడ ఉన్నాడు, కాబట్టి పడవ ఇక్కడే కట్టించాడు. మా ఊళ్ళో నీళ్ళంటే బిందెలో ఉండేవి. ఆ ఎండలో, దేవరకొండ దిక్కు నుంచి దుమ్ము లేచి వస్తుంటే, రచ్చకట్ట పక్కన మూడు ఇళ్ళంత పడవ లేచింది. మా వడ్రంగికి రథాలు తెలుసు, పడవలు తెలియవు. ముందు కొస మీద రెండు చిలకల్ని చెక్కాడు.

"చిలకలెందుకయ్యా?" అన్నాడు కాంట్రాక్టరు.

"బోసిగ ఉంటె బాగుండదని" అన్నాడు వడ్రంగి.

పడవ అయ్యాక దాన్ని నీళ్ళ దగ్గరికి చేర్చాలి. పాత మిలిటరీ లారీల చక్రాలు, ఇరుసులు తెచ్చి ట్రైలరు కట్టించారు. దానికి అన్నీ ఉన్నాయి, బ్రేకులు తప్ప. దారి చివర నదికి దిగే పెద్ద వాలు ఉంది. ట్రాక్టరు డ్రైవరు ఖాసిం ఆ వాలు చూసొచ్చి చేతులు కడిగేసుకున్నాడు.

"సాబ్, ముందలికి గుంజుడు నా పని. ఎనుక నుంచి గీ కొండ తోసుకుంట వస్తె నా టాక్టర్ ఏం జేస్తది? పడవకంటె ముందుగాల అదే కృష్ణల దిగుతది."

అప్పుడు మొదలైంది బ్రేకుల ఎంపిక. కాంట్రాక్టరు ముందుగా ఒక పాత లారీ చేతి బ్రేకు తెచ్చి ట్రైలరుకు బిగించాడు. దాన్ని లాగాలంటే ఒకడు పడవ కింద, చక్రాల నడుమ కూర్చోవాలి. అందరూ నా వైపు చూశారు. పెళ్ళి కానివాణ్ణి కదా. ముందు పరీక్షిద్దామన్నాను నేను. లాగితే పిడి నా చేతికి వచ్చింది. బ్రేకు అక్కడే ఉండిపోయింది.

తర్వాత ఇంకో దుంగ. అమ్రాబాద్ గుట్టలు దిగే బండ్లకు వెనక దుంగ కట్టి ఈడుస్తారు, ఆ బరువుకు బండి నెమ్మదిస్తుంది. కట్టి చూశాం. దుంగ చాలా బుద్ధిగా పడవ వెంట వచ్చింది. బాటను మాత్రం సాలు తీసినట్టు దున్నేసింది. "ఇగ ఇత్తనాలు జల్లుడే" అన్నాడు ఖాసిం.

ఆ తర్వాత ఎడ్లు. వెనక కట్టి, అవి వెనక్కి గుంజుతుంటే పడవ నిదానంగా దిగుతుందని లెక్క. ఎడ్లకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. ముందు ఏదో పోతోంది, మనమూ పోదామని అవి ఉషారుగా వచ్చి పడవను కొమ్ములతో పొడిచాయి.

కాంట్రాక్టరు తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అంతలో ఖాసిం ట్రాక్టరు ఎక్కి గేరు వేశాడు. ట్రాక్టరు ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచి దేవుడికి మొక్కినట్టు నిలబడ్డాయి. ట్రైలరు అంగుళం కదల్లేదు. వంగి చూస్తే చక్రం కింద చెక్క, చెక్క పక్కన తాత.

"ఊరికె ఆగినదాన్ని నమ్మొద్దు సామీ" అన్నాడు తాత, కాంట్రాక్టరుతో.

కాంట్రాక్టరు లేచి నిలబడ్డాడు. "ఇదేదో బాగుందయ్యా! ఈ ముసలాయన్ని పెట్టుకుందాం."

ఎంపిక అయిపోయింది. వెనక మోకు కట్టి మనుషులు పట్టుకోవాలి, తాత కేకలు వేయాలి, అవసరమైనప్పుడు చెక్క వేయాలి. రథం లేక చేతులు దురద పెడుతున్న మగవాళ్ళు ఊరినిండా ఉన్నారు. తాత ఒకే షరతు పెట్టాడు.

"పడవ నీళ్ళల్ల దిగినంక నాకు రుమాలు కట్టాలె. అందరి ముంగట. నీ చేతులతోటి."

"అంతేనా? కడతానయ్యా" అన్నాడు కాంట్రాక్టరు.

ఆ మాట విని మా బాపు మగ్గంలో దిగాడు. ఎన్నిరోజులైనా బయటికి రాడు. వెళ్ళి చూస్తే రుమాలు చాపలాగా చుట్టలు చుట్టుకుని ఉంది.

"ఇదేంది బాపూ, తాతకు తలెన్ని?"

"రథం ఆగినప్పటిసంది బాకీ పడ్డ రుమాళ్ళన్నీ ఒక్కటిగనే నేసిన. ముక్కలు ముక్కలిస్తె ఏం బాగుంటది?" అన్నాడు బాపు. "పెట్టెల పెట్టుకొని పో. పడవ దిగిన పూట చేతికందాలె."

తొలకరి పడ్డాక బయలుదేరాం. బయలుదేరాం అంటే మొదటి ఇంటిదాకా వెళ్ళాం. అక్కడ ఒకామె హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. అది దేవుడి కట్టె కదా, పైగా చిలకలున్నాయి. తాత "ఆగు సామీ!" అన్నాడు. మేం మోకు వదిలి దండం పెట్టాం. చెక్క పడింది. పక్కింటి ముందు ఇంకొకామె. మళ్ళీ ఆగాం.

కాంట్రాక్టరు గొంతు పోయేలా అరిచాడు. "ఇది పడవయ్యా! రథం కాదు! పడవ!"

"పడవైతె మాత్రం? ఆడిమనిషి దీపం పట్టుకొని నిలబడ్డది. ఎట్ల దాటిపోతవ్ సామీ?"

దారి పొడుగునా ఊళ్ళకు వార్త మాకంటే ముందు చేరింది. ప్రతి ఊళ్ళో పళ్ళేలు, కొబ్బరికాయలు. ఒక చోట ఒకాయన ఖాసిం కాళ్ళకు మొక్కబోతే, "నేను తురకోన్ని పెద్దమనిషీ" అని వాడు కాళ్ళు సీటు మీదికి ఎత్తుకున్నాడు. నడిచిపోయినా ఒక పూటలో చేరే దూరం, మాకు మూడోనాటికి వాలు కనిపించింది.

వాలు మొదట్లో తాత మాకు బోధ చేశాడు. "ఇప్పుడు ఎనుకకు గుంజాలె. గోవిందా అంటె గుంజుండ్రి." అంతే కదా అన్నాం. గుంజడం మాకు వచ్చిన పనే. "గోవిందా!" అన్నాడు. మేం వెనక్కి గుంజాం. పడవ అత్తగారింటికి పోయే పిల్లలాగా అడుగులో అడుగేస్తూ దిగింది. కాంట్రాక్టరు మొహాన మొదటిసారి నవ్వు చూశాను. చివరిసారి కూడా.

సగం వాలు దిగాక, పక్కన ఆముదం వేసిన చెలకలోంచి ఒక అవ్వ వచ్చి బాట ఒడ్డున నిలబడింది. చేతిలో హారతి పళ్ళెం.

తాత పళ్ళెం చూశాడు. ఇక ఆపుకోవడం తాత చేతిలో లేదు. తండ్రి, తాత, ముత్తాత అందరూ కలిసి ఆయన గొంతులోంచి అరిచారు: "ఆగు సామీ!"

మేం మోకు వదిలేసి దండం పెట్టాం.

ఎంత చక్కగా పెట్టామంటే, పడవ వెళ్ళిపోతుంటే కూడా జోడించిన చేతులతోనే చూశాం. తాత పరుగెత్తి చెక్క వేశాడు. వాలు మీద ఆ బరువుకు చక్రం చెక్కనెక్కి దిగి పోయింది. ఖాసిం "యా అల్లా" అని ట్రాక్టరును ఒక్క తిప్పు తిప్పి చెలకలోకి తోలాడు. తడిసిన ఎర్రమట్టిలో చక్రాలు ఇరుసుదాకా దిగబడి మొత్తం ఆగిపోయింది. అవ్వ పక్కకు దూకింది. పళ్ళెంలో దీపం ఆరలేదు.

"ఆగింది" అన్నాడు తాత.

మొలకెత్తిన ఆముదం మీద నిలబడి అవ్వ దీపం కింద పెట్టి తిట్లు అందుకుంది. చెలకకు ఎగువన డ్యామువాళ్ళు పాతిన రాయి ఉంది, నీళ్ళు అక్కడిదాకా వస్తాయని గుర్తు. అవ్వ కొడుకు అప్పటికే, మునిగే ఊళ్ళవాళ్ళకు కట్టిన కాలనీకి ఇల్లు మార్చాడు. కాంట్రాక్టరు ఆ రాయిని చూపించాడు. "ఎలాగూ మునిగిపోయేదేగా అవ్వా, ఇంత గోల ఎందుకు?"

"మునిగిననాడు మునుగుతది. ఇయ్యాల నాదే గద!" అంది అవ్వ.

ఆయన రాయి వైపు చాచిన చెయ్యి దించి ట్రాక్టరు వైపు నడిచాడు.  

ట్రాక్టరును పైకి లాగాం. పడవ కదల్లేదు. వానలు పట్టుకున్నాయి. "తగ్గాక చూద్దాం" అని కాంట్రాక్టరు తన మోకులు, తాళ్ళు అన్నీ విప్పించుకుని పోయాడు. రుమాలు సంగతి తాత అడిగితే, "పడవ నీళ్ళలో దిగలేదుగా" అన్నాడు. మాట ప్రకారం నిజమే.

"అయితె నీళ్ళే పడవ కాడికి వస్తయి" అన్నాడు తాత. నాలుగు చక్రాలకూ దొరికిన చెక్కలు వేసి, పడవ కింద గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. ఇరుసుదాకా దిగబడ్డ చక్రాలకు చెక్కలెందుకని అడిగాను. జవాబు మీకు తెలుసు.

కాంట్రాక్టరు నన్ను అప్పుడప్పుడు పడవను చూసి రమ్మనేవాడు. నేను రుమాలు పెట్టె పట్టుకుని వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా వాళ్ళిద్దరూ కొట్లాడుతూ ఉండేవారు.

"నా చెలకకు నీ పడవ అడ్డం" అనేది అవ్వ.

"అడ్డం పెట్టుడే నా పని" అనేవాడు తాత.

"రుమాలు కోసం ముసలితనంల గింత యాతననా? నేనొక పాత చీర పేలిక ఇస్త, కట్టుకో."

"కట్టుకునుడు కాదవ్వా. కట్టించుకోవాలె. మా నాయినకు కట్టిన్రు. నాకు కట్టుడు ఆపిన్రు. కట్టకుంటనే సచ్చిపోతె, ఆడికి పోయినంక మా నాయినకేమని చెప్పాలె?"

అవ్వ ఆయన ఒళ్ళో జొన్నరొట్టె విసిరి కలుపు తీయడానికి పోయేది. మునిగిపోయే చేనుకు అంత శ్రద్ధగా కలుపు తీసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కృష్ణకు పెద్ద వరద వచ్చింది. నేను వెళ్ళిన పొద్దున ఆముదం మొక్కల తలలు మాత్రం నీళ్ళపైన ఉన్నాయి. గట్టు మీద అవ్వ, ఖాసిం, మరికొందరు. తాత నడుంలోతు నీళ్ళలో చెక్కలు తడిమి చూసుకుంటున్నాడు. చూస్తుండగానే పడవ ఒకసారి ఒళ్ళు విరుచుకుని ట్రైలరు మీది నుంచి లేచింది. చక్రాలు మాత్రం కదల్లేదు. తాత చెక్కలు వాటి పని అవి చేశాయి. పడవ వెళ్ళిపోయింది.

తాత దాని అంచు పట్టుకుని ఎలాగో లోపలికి ఎక్కాడు. ఆయనకు ఈత రాదు. తెడ్లు కాంట్రాక్టరు గుడిసెలో ఉన్నాయి. చంకలో మిగిలిన ఒక్క చెక్క తీసి పడవ ముందు వేశాడు. చెక్క కూడా తేలి పడవకు దారి చూపిస్తూ ముందు పోయింది.

"ఆగు సామీ!" అని అరిచాడు తాత నీళ్ళ మీది నుంచి.

మేం గట్టు మీద దండం పెట్టాం.

"దండం పెడితె ఆగుతదా దద్దమ్మలారా! ఏమన్న ఇసురుండ్రి!" అని అవ్వ నా వీపు మీద ఒకటి వేసింది.

పడవ కొంచెం దూరం పోయి, మునిగిన తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. తాడు లేదు. తాళ్ళన్నీ కాంట్రాక్టరు పట్టుకుపోయాడు. నా దగ్గరున్నది పెట్టె. పెట్టెలో ఉన్నది మా బాపు నేసిన బాకీ. కొసకు రాయి కట్టి ఖాసిం విసిరాడు. ఎన్ని ఏండ్ల రుమాళ్ళో, గాల్లో విప్పుకుంటూ ఎర్రంచుతో పోయి తాత ముందు పడ్డాయి.

"చిలక మెడకు కట్టు తాతా! గుంజుతం!" అన్నాను.

"రుమాలు పడవకు కడతరా? తెలివున్నదా పిలగా నీకు?"

ఎంత బతిమాలినా వినలేదు. ఆ కొసను తలకు నాలుగు చుట్లు చుట్టుకున్నాడు. నడుముకు ఒక మెలిక వేసుకున్నాడు. కాళ్ళు పడవ చెక్కల సందున గట్టిగా ఇరికించుకున్నాడు. అప్పుడు నిండుగా, గుడి ముందు నిలబడినట్టు కేక వేశాడు: "గోవిందా!"

లాగాం. తాత వచ్చాడు, తాతతోపాటు పడవ వచ్చింది. మా ఊరి రథం ఆ తర్వాత లేదు, కాబట్టి అదే చివరి రథం. దేవుడి జాగాలో తాత ఉన్నాడు, అంతే తేడా.

కాంట్రాక్టరు వారం తర్వాత వచ్చాడు. పడవ ఒడ్డున ఉంది. తాత బురద మరకల రుమాలుతో ఎదురు నిలబడ్డాడు. విప్పి చేతికివ్వబోయాడు. "కట్టేసుకున్నావుగా, ఇంకేం!" అని ఆయన పడవ చూసుకోవడానికి దిగిపోయాడు. తాత దాన్ని మడిచి ఇంటికి తెచ్చుకున్నాడు. మళ్ళీ తలకు చుట్టుకోలేదు. "కట్టుకున్న. కట్టించుకోలే" అనేవాడు, అడిగినవాడికీ, అడగనివాడికీ. ఊళ్ళో ఎవరైనా కడతామంటే, "ఏది ఆపిన్నని కడతరు?" అనేవాడు. ఆ మాటకు మేం నవ్వేవాళ్ళం.

మొన్న పోయాడు. తల పక్కన రుమాలు మడిచి పెట్టి పాడె కట్టారు. ఊరి చివర, శ్మశానం బాట మలుపులో, కాలనీ నుంచి నడిచొచ్చిన అవ్వ ఎదురైంది. రొప్పుతోంది. మేం దాటిపోతామని భయపడినట్టుంది. చెయ్యెత్తి అరిచింది.

"ఆగు సామీ!"

ఆ తర్వాతది మొదట్లోనే చెప్పాను.

అవ్వ మమ్మల్ని తిట్టలేదు. బాటలో కూర్చుని తాత తల ఒళ్ళోకి తీసుకుంది. దొర్లిపోయిన రుమాలు దులిపింది.

"నువ్వేం వరుసైతవమ్మా ఆయనకు?" అన్నాడు ఒక చుట్టం.

"నా చెలకల వానకాలమంత కాపలా కూసున్నడు. వరుసేంది?" అంది, కట్టడం మొదలుపెట్టి.

బాకీ అంతా కట్టాలి కదా, చాలాసేపు పట్టింది. ఊరంతా నిలబడే ఉంది. మొదట ముఖం మీదికి జారింది, విప్పి మళ్ళీ కట్టింది. చివరి కొస దోపి, కొంచెం వెనక్కి జరిగి చూసుకుంది.

"ఇగ పోనియ్యుండ్రి" అంది.

మేం తాతను సర్ది పడుకోబెట్టాం. అక్కడితో నిలబడిపోయాం. ఆపిన తర్వాత కదలాలంటే కేక పడాలి. మా ఊళ్ళో ఆ కేక వేసేది ఒక్కడే, ఆయన కొత్త రుమాలుతో పడుకుని ఉన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చుట్టాలు మళ్ళీ పిచ్చివాళ్ళనుకున్నారు.

చివరికి అవ్వే అంది: "గోవిందా!"

ఎత్తాం. అక్కడి నుంచి దారిలో ఎవరూ పళ్ళెం పట్టుకుని నిలబడలేదు. కాబట్టి ఇక ఎక్కడా ఆగలేదు.